పురుగుల మాత్ర, ఉగ్గుగిన్నెడు ఆముదం

మా అమ్మ ఆముదం ఇస్తే వద్దని బతికి బట్టకట్టిన మగాడు మా ఇంట్లో ఎవడూ లేడు. మా నాయన తాగినాడు, చిన్నాయనలు తాగినారు, నేను తాగినాను, నా పిల్లలు తాగినారు. కొత్తల్లుడని కూడా చూడకుండా మా బావకు పోసింది. ఆ తర్వాత ఆయన ఆదివారం పూట మా ఇంటి గడప తొక్కడం మానేసినాడు.

మద్రాసు పురసవాక్కంలో జవుళి అంగళ్ళ వెనక వీధిలో మా ఇల్లు. మా తాతల కాలం నుంచీ ఆడనే ఉన్నాం. ఇంట్లో మాట తెలుగు, వీధిలో మాట అరవం, కోపమొస్తే రెండూ. అమ్మకు మాత్రం ఏ భాషలోనైనా ఆముదం ఆముదమే. మూడు నాలుగు నెలలకొకసారి శనివారం సాయంత్రం పిల్లలందరికీ నులిపురుగుల మాత్ర మింగించేది. ఆదివారం తెల్లవారుతూనే వరసగా నిలబెట్టి ఆముదం పట్టేది. "పురుగును చంపి లోపలే వదిలేస్తే ఎట్లా? పీనుగను ఇంట్లో పెట్టుకొని కూర్చుంటామా?" అని ఆమె వాదం. దానికి ఎదురు చెప్పగలిగిన వకీలు ఇంకా పుట్టలేదు.

ఆముదం పట్టేదానికి ఒక వెండి ఉగ్గుగిన్నె ఉండేది. నేను పుట్టినప్పుడు మా అమ్మమ్మ పెట్టింది. నూనె గోరువెచ్చగా కాచి, ఆ గిన్నెలో పోసి, పైన రెండు చెంచాల కాఫీ డికాషన్ వేసి, ఎడమ చేత్తో మన ముక్కు పట్టుకొని, కుడి చేత్తో గొంతులోకి వంచేస్తుంది. తర్వాత నాలిక మీద చిటికెడు చక్కెర. మధ్యాహ్నం మిరియాల రసం, మెత్తటి అన్నం. ఆ అన్నం ఆమే కలిపి, ఆమే వడ్డించాలి. ఆముదం మీద ఎంత కోపమున్నా ఆ రసం అన్నానికి మాత్రం మేమందరం తయారుగా ఉండేవాళ్ళం.

ఇంక నా రోగం సంగతి. అప్పుడు నాకు నలభై రెండేళ్ళు. జార్జి టౌన్‌లో మాది కాగితం వ్యాపారం, టోకు సరుకు. సందులో చేతిబండ్లు అడ్డం పెట్టేవాళ్ళ మీద అరవడమే సగం వ్యాపారం. ముక్కు మీద కోపం మనిషిని నేను, నలుగురూ అనే మాటే. అట్లాంటిది ఒకరోజు బండివాడి మీద అరవబోతే మధ్యలో ఊపిరి అందలేదు. అంగడి మేడమెట్లు ఎక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. వీధి డాక్టరు రక్తం తక్కువన్నాడు, ఇనుము టానిక్కు రాసినాడు. టానిక్కు సీసాలు ఖాళీ అవుతున్నాయి గానీ రక్తం మాత్రం పెరగలేదు. ఆఖరికి పెద్దాసుపత్రికి పోతే, పెద్దపేగులో కుడివైపున గడ్డ ఉందని తేల్చినారు. ఆ పేగుముక్క కోసేసి, మిగతాది కలిపి కుట్టినారు.

కోసిన ముక్కను పరీక్షకు పంపితే వచ్చిన పేరు అడినోకార్సినోమా. నన్ను చూసే డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో పెద్దది. దాపరికం లేకుండా చెప్పింది. పేగు లోపలి పొరలో జిగురు ఊరే గ్రంథులుంటాయంట, వాటిలో పుట్టే క్యాన్సర్ ఇది. పేగును అంటిపెట్టుకొని ఉండే చిన్న చిన్న లింఫు బిళ్ళల్లో కొన్నింటికి పాకింది కూడా.

"కొన్నేళ్ళ కిందటైతే, గడ్డ తీసేసి, దేవుడి మీద భారం వేసి ఇంటికి పంపేవాళ్ళం. ఇప్పుడు కొత్త వైద్యం వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఒక సంవత్సరం పాటు ఇంజెక్షన్లు, దాంతోపాటు మధ్యమధ్యలో ఒక మాత్ర. ఇట్లా ఇస్తే రోగం తిరిగి రావడం తగ్గుతోందని పరిశోధనల్లో తేలింది. సంవత్సరం పొడుగునా వదలకుండా తీసుకోవాలి, అంతే" అన్నది.

"మాత్ర కూడా కొత్తదేనామ్మా?" అని అడిగినాను.

"మాత్ర పాతదే, వేరే పనికి వాడేది. రోగాన్ని ఎదిరించే శక్తిని లేపుతుందేమోనని చూస్తున్నారు." ఆ వేరే పని ఏందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలన్నది పెద్ద సమస్య అయింది. నేనూ నా భార్యా కూడబలుక్కొని, "గడ్డ తీసేసినారు, ఒంటికి బలానికి ఇంజెక్షన్లు వేస్తారంట" అని చెప్పినాం. అమ్మ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. కూరగాయలవాడి తాత ఊరు పేరు కూడా అడిగి తెలుసుకునే మనిషి, కొడుకు కడుపు కోసినా ఏమీ అడగలేదంటే నాకే భయమేసింది. ఆపరేషన్ నాటి నుంచీ ఆమె పడుకోవడం లేదని నా భార్య చెప్పింది. చాప పరుస్తుంది, గోడకు ఆనుకొని కూర్చుంటుంది, తెల్లారితే చాప చుడుతుంది. అడిగితే, "ముసలిదానికి నిద్రెందుకులే" అంటుంది.

ఇంజెక్షన్లు మొదలైన వారంలోనే ఆ మాత్రలు కొనాల్సి వచ్చింది. తమలపాకులకు బజారుకు పోతూ అమ్మే చీటీ తీసుకొని పోయింది. మందులంగడివాడికి ఆమె ముప్పై ఏళ్ళ పరిచయం, పాటీ అని, అంటే అవ్వా అని, పిలుస్తాడు. చీటీ చూసి, "ఏం పాటీ, మళ్ళీ పురుగుల మాత్రా? ఇన్నెందుకు, వీధి పిల్లలందరికీ పంచుతున్నావా?" అన్నాడంట.

తమలపాకుల సంగతే మరిచిపోయి పరుగున ఇంటికొచ్చింది మా అమ్మ. డెబ్భై దాటిన మనిషి, ఆ రోజు ఆ నడక చూడాల్సిందే. వాకిట్లో నుంచే అరుపు.

"ఒరే నాయనా! నీకు పురుగులురా! ఒట్టి పురుగులు!"

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. నా భార్య వంటింట్లో నుంచి గరిటెతోనే వచ్చింది.

"ఆసుపత్రిలో నర్సులు చెప్పుకుంటా ఉంటే వింటిని నేను. అంత పొడుగు పేరు పెట్టేసరికి ఆ పాడు రోగమే అనుకుంటిని. మీరిద్దరూ నా దగ్గర దాస్తా ఉండారని నాకు తెలవదనుకున్నారా? ఇదిగో చూడు, పురుగుల మాత్ర! మన పిల్లలు మింగే మాత్రే! దీనికి ఇంత హడావిడి చేసి, కడుపు కోసి... వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉండాది!"

నవ్వుతోంది. చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ నవ్వుతోంది. నేను నా భార్య వైపు చూసినాను, ఆమె నా వైపు చూసింది. ఆ మొహం చూస్తూ, కాదమ్మా, నువ్వు అనుకున్నదే నిజం అని చెప్పగలవాడు ఎవడైనా ఉంటే రమ్మనండి, చూస్తాను. ఆ మధ్యాహ్నం అమ్మ చాప మీద వాలీ వాలకముందే గురక మొదలుపెట్టింది. ఆ గురక వీధిలోకి వినిపించింది. నిజం చెప్తున్నాను, ఆ వారమంతా నాకు నొప్పి కూడా అంతగా తెలియలేదు.

ఆదివారం పొద్దున కళ్ళు తెరిచేసరికి ఎదురుగా వెండి ఉగ్గుగిన్నె.

"అమా, నాకు నలభై రెండేళ్ళు."

"అయితే? నీ వయసు పురుగులకు తెలుసునా?"

నా భార్య గుమ్మంలో నిలబడి, "అత్తా, డాక్టరమ్మను ఒక్కమాట అడిగి..." అన్నది.

"పురుగులకు ఆముదం పొయ్యాలని డాక్టరమ్మ చెప్పాల్నా నాకు? ఆమె పుట్టకముందు నుంచీ పోస్తా ఉండా!"

కొత్తచీర కట్టుకున్నంత కళగా ఉంది అమ్మ మొహం. నేను నోరు తెరిచినాను. ముక్కు పట్టుకుంది, వంచేసింది, చక్కెర వేసింది. ఆముదం తాగిన మొహం అంటారే, అద్దంలో చూసుకుంటే అచ్చంగా అదే.

ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తోంది గానీ ఆ రోజు నవ్వే సంగతి కాదు. ఆ ఇంజెక్షన్‌తో నోరంతా అప్పటికే పూసింది, పేగు లోపలా అట్లాగే పుండులా ఉంటుందంట. దాని మీద ఆముదం పడింది. మధ్యాహ్నానికి చుక్కలు కనిపించినాయి, సాయంత్రానికి లేచి నిలబడే దిక్కు లేదు. ఆటోలో వేసుకొని ఆసుపత్రికి పరిగెత్తినారు. చేతికి సెలైన్ ఎక్కించినారు.

డాక్టరమ్మ వచ్చి, "ఏం తిన్నారు?" అన్నది.

నా భార్య నేల చూపులు చూస్తోంది. మా అమ్మ ముందుకొచ్చి, అరవంలో, "ఆముదం పోసినానమ్మా. చచ్చిన పురుగులన్నీ పోవాల కదా" అన్నది. పాపం, ఇంకా ధైర్యంగానే ఉంది.

డాక్టరమ్మకు కోపమొచ్చింది. నాకంటే రెండాకులు ఎక్కువ చదివిన కోపం. "పురుగులేంటి పాటీ? మీ అబ్బాయికి క్యాన్సర్. ఈ మందు పడుతున్నప్పుడు మామూలు విరేచనాలే ప్రమాదం, మీరు ఆముదం పోస్తారా? మీ చేత్తో మీరే కొడుకును..." అని, అంతటితో ఆపేసింది. ఆపినా ఆ మాట పూర్తయినట్టే.

నాకు లేచి ఆమె మీద విరుచుకుపడాలనిపించింది. తల ఎత్తేందుకే బలం లేదు, ఇంక అరిచేదెట్లా? అమ్మ ఏడవలేదు. "అది పురుగుల మాత్ర కాదా?" అని మాత్రం అడిగింది.

"పురుగుల మాత్రే. కానీ ఈయనకు ఇచ్చింది పురుగుల కోసం కాదు."

"సరే తల్లీ" అన్నది అమ్మ. మంచం పక్కనుంచి పోయి, వరండాలో బల్ల మీద కూర్చుంది.

నేను కోలుకొని ఇంటికొచ్చేసరికి ఉగ్గుగిన్నె అన్నిటికీ అడుగునున్న పెట్టెలో చేరింది. ఆముదం సీసా ఖాళీ చేసి పారేసింది. తలకు రాసుకునేందుకు కూడా ఉంచలేదు. అదొక్కటే అయితే పిల్లలు పండగ చేసుకొని ఊరుకునేవాళ్ళు. అమ్మ నాకు వడ్డించడం మానేసింది. వంట చేస్తుంది, రసం పెడుతుంది, నేను కంచం ముందు కూర్చుంటే మాత్రం గరిటె నా భార్య చేతికిచ్చి, "నువ్వు వెయ్యమ్మా" అని పక్కకు పోతుంది. మంచినీళ్ళు అడిగినా అంతే. మందు తెచ్చి పెట్టమంటే మనవరాలిని పిలుస్తుంది. పడుకోవడం కూడా మళ్ళీ గోడకు ఆనుకొనే.

నేను అట్లా పడిపోయినందుకు, వారం వారం వెయ్యాల్సిన ఇంజెక్షన్లు కొంచెం ఆలస్యంగా మళ్ళీ మొదలైనాయి. పొద్దున్నే పెరుగన్నం డబ్బా పట్టుకొని నా భార్యతో బస్సెక్కడం, ఆసుపత్రి బల్ల మీద వరుసలో కూర్చోవడం, చెయ్యి చాపడం, సాయంత్రం ఇంటికి చేరడం. నోరు పూసినప్పుడు కారం తగిలితే ప్రాణం పోయేది. చల్లారిన గంజి, మజ్జిగ, అరటిపండు. ఆ పురుగుల మాత్ర కూడా వచ్చినప్పుడల్లా మింగుతూనే ఉన్నాను. నాకు వాంతులంత బాధించలేదు, అలసట మాత్రం బాధించింది. అయినా దేనికదే అలవాటయింది. బల్ల మీద పక్కన కూర్చునేవాళ్ళతో స్నేహాలు కుదిరినాయి. ఎవరింట్లో ఏం కూర, ఎవరి కూతురికి ఏ సంబంధం, అన్నీ మాకు తెలుసు.

వేసవి పోయేసరికి అంగడికి రోజూ ఒక పూట పోవడం మొదలుపెట్టినాను. ఒకరోజు సందులో బండివాడు మా గుమ్మానికి అడ్డంగా బండి పెట్టి టీకి పోయినాడు. వాడు రాగానే ఒంటికాలి మీద లేచినాను. రెండు భాషలూ అయిపోయేదాకా తిట్టినాను, మధ్యలో ఊపిరి ఎక్కడా ఆగలేదు. వాడు చేతులు కట్టుకొని అంతా విని, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వి, "ముదలాళికి ఒళ్ళు బాగైపోయింది!" అని పక్కంగడివాళ్ళకు కేకేసి చెప్పినాడు. యజమాని తిట్లకు అంత సంతోషపడిన బండివాణ్ణి నేను ఆ తర్వాత చూడలేదు. ఇంటికొచ్చి చెప్తే నా భార్య దేవుడికి కర్పూరం వెలిగించింది.

ఆ ఊపులోనే అమ్మను కూడా కదిలిద్దామని చూసినాను. భోజనానికి కూర్చొని, "ఈ రోజు నువ్వే వడ్డించాల, లేకపోతే తినను" అన్నాను. ఆమె గరిటె కోడలికిచ్చింది. నాకు కోపమొచ్చి, "నువ్వు వడ్డిస్తే ఏమైపోతాది? చస్తానా?" అని అరిచినాను.

అమ్మ మొహం ఎట్లా అయిపోయిందో చెప్పలేను. "ఇంకోసారి నా చేతితో పరీక్షలు వద్దు నాయనా" అని లోపలికి పోయింది. ఆ తర్వాత నేను ఆ ఊసెత్తలేదు. ఇంజెక్షన్ సూది అయితే వారానికొకసారే, ఇది పూట పూటకూ గుచ్చుకునేది.

సంవత్సరం గడిచింది. ఇంజెక్షన్లు అయిపోయినాయి. ఇంక గొట్టం కెమెరా లోపలికి పంపి, పెద్దపేగు మొత్తం చూడాలన్నారు. మళ్ళీ ఏదైనా మొలిచిందా లేదా అన్నది దాంట్లో తేలుతుంది.

"పేగు బాగా శుభ్రంగా ఉంటేనే ఏదైనా కనబడుతుంది. ముందురోజు పూర్తిగా కడిగేసుకోవాలి" అంటూ డాక్టరమ్మ చీటీ రాస్తోంది. రాస్తూ రాస్తూ పెన్ను ఆపి, నా మొహంలోకి చూసింది.

"ఏందమ్మా?" అన్నాను.

"ఆముదం" అన్నది.

నాకు నవ్వు ఆగలేదు. కుట్లు పడిన కడుపు పట్టుకొని నవ్వినాను. డాక్టరమ్మ మొదట పెదవులు బిగబట్టుకుంది, ఆపైన ఆమే బల్ల మీద తల వాల్చి నవ్వింది. నర్సు తలుపు తోసి, ఏమైందో అని చూసి పోయింది.

ఇంట్లో చెప్తే అమ్మ నమ్మలేదు. "నన్ను ఎగతాళి చేస్తా ఉండావా?" అన్నది. చీటీ చూపిస్తే, చదువురాని దానికి చీటీ ఎందుకన్నది. ఆఖరికి, "ఆ డాక్టరమ్మ నోటితో చెప్తేనే" అని తేల్చేసింది. సరేనని మర్నాడు ఆటో కట్టించుకొని పిలుచుకొని పోయినాను.

అమ్మ ఆ గదిలోకి అడుగు పెడుతుంటే డాక్టరమ్మ లేచి నిలబడింది. "రా పాటీ, కూర్చో. ఆ రోజు కోపంలో ఒక మాట అన్నాను, మనసులో పెట్టుకోవద్దు. ఇప్పుడు మందులు అయిపోయినాయి, రక్తం బాగుంది, ఆముదం పొయ్యొచ్చు. ఎంత పొయ్యాలో, ఎప్పుడు పొయ్యాలో నేను చెప్తాను, పొయ్యడం మాత్రం నీ పని" అన్నది.

"ఏమీ కాదు కదా?"

"ఏమీ కాదు."

"ఇంకోసారి చెప్పు తల్లీ."

డాక్టరమ్మ ఇంకోసారి చెప్పింది. అమ్మ వినింది, లేచింది, గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చి మూడోసారి కూడా చెప్పించుకుంది.

ఆ సాయంత్రం అమ్మ అడుగునున్న పెట్టె తెరిచింది. ఉగ్గుగిన్నెను చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమింది. నా భార్య కొత్త సీసా తెచ్చింది. తెల్లవారి నూనె కాచి, డికాషన్ వేసి, నా ముందుకొచ్చి నిలబడింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి, వద్దని ఒక్కమాట అనకుండా నేను నోరు తెరిచినాను. ఆమె ముక్కు పట్టుకుంది. చెప్పిన కొలతకు ఆ చిన్నగిన్నె సరిపోలేదు, మళ్ళీ మళ్ళీ నింపాల్సి వచ్చింది. "పొయ్యమ్మా, పొయ్యి" అన్నాను. నా కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. ఆముదం వల్లనే అనుకున్నారు అందరూ, నేనూ కాదనలేదు.

రోజంతా స్నానాలగది బయట పీట వేసుకొని కూర్చుంది. నేను బయటికొచ్చినప్పుడల్లా ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళగ్లాసు పట్టుకొని, "కళ్ళు తిరగతా ఉండాయా? నిజం చెప్పు" అని నా మొహంలో మొహం పెట్టి చూసింది.

మర్నాడు పరీక్ష అయింది. డాక్టరమ్మ నవ్వుతూ బయటికొచ్చింది. ఎక్కడా ఏమీ మొలవలేదు, కుట్టిన చోట కూడా చక్కగా మానింది అన్నది. నా భార్య గోడ పట్టుకొని ఏడ్చింది. అమ్మ మాత్రం డాక్టరమ్మను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "పురుగులేమైనా కనబడినాయా?" అన్నది.

"ఒక్కటి కూడా లేదు పాటీ."

"అదీ!" అన్నది మా అమ్మ.

ఇంటికొచ్చి మిరియాల రసం పెట్టింది. నేను కంచం ముందు కూర్చుంటే నా భార్య అలవాటుగా గరిటె అందుకోబోయింది. అమ్మ ఆమె చేతిని పక్కకు తోసింది. ఆమే అన్నం కలిపింది, ఆమే వేసింది. "చప్పగా ఉండాదా?" అన్నది. నేను తల అడ్డంగా ఊపినాను. ఆ తర్వాత ఆమె దృష్టి పిల్లల మీదికి మళ్ళింది. "వీళ్ళకు ఆముదం పోసి సంవత్సరం దాటింది కదా" అన్నది. నా పిల్లల మొహాలు చూసి నేను కడుపారా నవ్వుకున్నాను.

ఇంకో మూడు నాలుగేళ్ళకు, ఊరి పేరు కూడా మద్రాసు పోయి చెన్నై అయిన తర్వాత, ఏటేటా చేసే పరీక్షకు పోయినప్పుడు డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. ఆ పురుగుల మాత్రను ఇప్పుడు తీసేస్తున్నారంట. పని చేసిందంతా ఇంజెక్షనేనంట, దాంతో ఇంకో మందు కలిపితే ఆరు నెలలకే సరిపోతుందంట, మాత్ర వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదని కొత్త పరిశోధనల్లో తేలిందంట. నాకు ఒళ్ళు మండింది. ఒరిగేదేమీ లేని మాత్ర వల్ల ఇంట్లో అంత రభస జరిగి, సంవత్సరం పాటు మా అమ్మ చేతి అన్నం నాకు లేకుండా పోయిందే!

ఇంటికి పోయి, చెప్పులు కూడా విప్పకుండా అమ్మకు ఈ మాటే చెప్పి, "చూసినావా, దేనికీ పనికిరాని మాత్ర కోసం ఎంత పడినామో!" అన్నాను. అమ్మ తమలపాకు ఈనె తీస్తోంది. తల ఎత్తలేదు.

"నీకు పనిచేసిందో లేదో నాకు తెలవదు నాయనా. నాకు పనిచేసింది" అన్నది. "ఆ నాలుగు రోజులూ కంటి నిండా నిద్రపోయినా."